మాటలో మారకం

కామారెడ్డి జిల్లా పటంలో వాయవ్యపు కొసన మద్నూరు, జుక్కల్ మండలాలుంటాయి. మద్నూరు దాటితే మహారాష్ట్ర, జుక్కల్ దాటితే కర్ణాటక. 2016 అక్టోబర్ 11న నిజామాబాదు నుంచి విడదీసి ఈ జిల్లాను చేసినప్పుడు మూడు భాషల సరిహద్దు దీని వాటాకొచ్చింది. నాలుగోది ఉర్దూ. అది సరిహద్దులో ఉండదు, బజారు నడుమనే ఉంటుంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని చేసే ఒకే ఒక్క పనికి ఈ జిల్లాలో ఇన్ని పేర్లు ఎందుకున్నాయో చెప్పడానికి ఈ భౌగోళిక స్థితి కొంతవరకు సరిపోతుంది.

కామారెడ్డి బస్టాండులో అయినా ఎల్లారెడ్డి చౌరస్తాలో అయినా ముందుగా చెవిన పడేది ‘ముచ్చట’. ‘ఏం ముచ్చట?’ అంటే ఏమిటి సంగతి అని. ‘ముచ్చట్లు పెట్టిండ్రు’ అంటే కబుర్లలో పడ్డారని. పెళ్లి సంబంధం ఖాయం చేసుకోవడానికి ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుంటే అది ‘మాట ముచ్చట’. ఇదే పదం కృష్ణా దాటి కోస్తాకు వెళ్లేసరికి చాలావరకు నోరు మూసుకుని కూర్చుంటుంది. అక్కడ ముచ్చట అంటే ముద్దు, సరదా, మనసులోని కోరిక. ముచ్చటపడి చీర కొంటారు గాని ముచ్చట పెట్టరు. మాట్లాడటానికి వాళ్లకు ‘కబుర్లు’ ఉన్నాయి.

విచిత్రమేమంటే, అచ్చ తెలుగులా వినిపించే ఆ కబురు అరబ్బీది. ఖ-బ-ర అనే మూడు హల్లుల ధాతువుకు ఎరుక, సమాచారం అని అర్థం. దాన్నుంచి ఖబర్ (వార్త), దాని బహువచనం అఖ్‌బార్ (వార్తలు, అంటే పత్రిక), ముఖ్‌బిర్ (వేగు) పుట్టాయి. పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చాక ఖ మెత్తబడి క అయింది, చివర మన ఉకారం చేరింది, ఆ ఉకారం పక్కనున్న అచ్చును కూడా తనలోకి లాక్కుంది. అలా కబురు తయారైంది. సినిమా విలన్లు ఇష్టపడే ‘ఖబడ్దార్’ కూడా ఇదే ఇంటిది. ఖబర్‌దార్ అంటే సంగతి ఎరిగి ఉన్నవాడు, కాబట్టి జాగ్రత్తగా ఉండేవాడు. అక్బర్ చక్రవర్తికి మాత్రం అఖ్‌బారుతో చుట్టరికం లేదు. ఆయన పేరు క-బ-ర ధాతువుది, దానికి పెద్ద అని అర్థం. చెవికి ఒకేలా తగిలితే చాలు ఒకే పదమని తేల్చేసే ఉత్సాహం మనలో చాలామందికి ఉంది. వ్యుత్పత్తి శాస్త్రం మొదట చల్లార్చేది ఆ ఉత్సాహాన్నే.

ఈ ఖబర్ ఎంత దూరం తిరిగిందంటే, టర్కీలో వార్త ‘హబెర్’, తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో ‘హబారి’. ఇండోనేషియాలో ‘బాగున్నావా’ అని అడగాలంటే ‘అపా కబార్’ అంటారు. మాటకు మాటగా దాన్ని తెలంగాణలోకి తెస్తే ‘ఏం ఖబర్’ అవుతుంది. అరేబియా వర్తకులు దిగిన రేవుల్లోనూ వాళ్ల పుస్తకాలు చేరిన చోట్లా పలకరింపుగా మిగిలిపోయిన పదం ఇది. ఇక మద్నూరు అవతలి మరాఠీలో కథనూ సంగతినీ ‘గోష్ట్’ అంటారు. అది సంస్కృతపు గోష్ఠి. గోష్ఠం అంటే ఆవుల కొట్టం. కొట్టం కాస్తా జనం గుమిగూడే చోటై, ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకునే మాటై, మన దగ్గర కవిగోష్ఠి దాకా వచ్చింది. (ఉర్దూ గోష్త్‌తో దీన్ని కలపొద్దు. అది మాంసం, పారసీ పదం. హోటల్లో పొరపడితే కథకు బదులు కూర వస్తుంది.)

ఇవన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి. వీటన్నిటి అడుగున, ఎవరూ పట్టించుకోనంత మామూలుగా, ‘మాట’ ఉంది. నాకు ఈ పదమే అన్నిటికన్నా ఆసక్తిగా కనిపిస్తుంది.

మాట సంస్కృతం నుంచి రాలేదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో అతను ధాతువులను పక్కపక్కన పెట్టి పోల్చాడు. ఆ పోల్చే పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి మాట కన్నా మంచి ఉదాహరణ దొరకదు. తమిళ రాతలో ‘చుఱ్ఱు’ మనకు చుట్టు. వాళ్ల ‘పఱ్ఱు’ మనకు పట్టు. పాము కాపురముండే ‘పుఱ్ఱు’ మనకు పుట్ట. నీరు ఊరే ‘ఊఱ్ఱు’ మనకు ఊట. ఒకటి రెండు పదాలైతే కాకతాళీయం అనుకోవచ్చు. ఇలా వరసగా అదే చోట అదే తేడా వస్తుంటే అది నియమం. తమిళంలో జంట ఱ ఉన్నచోట తెలుగులో ట వస్తుంది, కన్నడంలో త వస్తుంది. మన చుట్టు కన్నడిగులకు సుత్తు, మన పుట్ట వాళ్లకు హుత్త. ఇప్పుడు మాటను ఈ నియమంలో పెట్టి చూడండి. జుక్కల్ అవతల, బీదరు వైపు, అది ‘మాతు’. తమిళంలో ‘మాఱ్ఱం’ ఉండాలి. ఉంది. పాత తమిళంలో ఆ పదానికి మాట అనీ, జవాబు అనీ, మార్పు అనీ అర్థాలున్నాయి.

మార్పు అనే అర్థం దగ్గర ఆగాలి. మాఱ్ఱం వచ్చింది ‘మాఱు’ అనే ధాతువు నుంచి. మనకూ ఉంది ఆ ధాతువు, మారు, మార్పు, మార్చు అన్న రూపాల్లో. థామస్ బరో, ముర్రే ఎమెనో కలిసి 1961లో తెచ్చి 1984లో తిరగరాసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు లాంటి గ్రంథాల్లో ఈ పదాలు ఒక గుంపుగా కనిపించడానికి కారణం ఇదే. కాని ర ఎక్కడ, ట ఎక్కడ అని సందేహం వస్తుంది. దీనికి తమిళం దాకా పోనక్కరలేదు, మన నోట్లోనే సాక్ష్యం ఉంది. నూరు, కాని నూటికి నూరు. ఏరు, కాని మంజీర ఏటి ఒడ్డు. మరి ఊరు మాత్రం ఊటి కాదు, ఊరి చెరువే. ఎందుకని? ఊరులో ఉన్నది మామూలు ర. నూఱు, ఏఱులలో ఉన్నది బండి ఱ. పాత తెలుగులో ఈ రెండూ వేర్వేరు ధ్వనులు. వాటిని ప్రాసలో కలపకూడదని లాక్షణికులు పట్టుబట్టేవారు. ఇప్పుడు బండి ఱ అచ్చులోనుంచి దాదాపు మాయమైంది, చెవికి తేడా ఎప్పుడో పోయింది. అయినా నూటికి, ఏటికి అనేటప్పుడు దాని జాడ బయటపడుతూనే ఉంటుంది. మాఱులో కూడా బండి ఱే. అందుకే ‘ఒక మారు, రెండు మార్లు’ అనే మనం ‘మాటిమాటికి’ అంటాం. ఆ మాటి, ఏటి లాంటిదే. బడిలో తలకట్లూ దీర్ఘాలూ నేర్పినట్టు ఈ చిన్న సంగతి కూడా నేర్పితే వ్యాకరణం మీద పిల్లలకు అంత భయం ఉండేది కాదని నా నమ్మకం.

ఇలాంటి పునాదుల మీదే భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద పుస్తకం వేశారు. తర్వాత ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నడిపారు. రైతుల, చేతిపనివాళ్ల నోటి మాటలను జిల్లాల వారీగా ఏరి కూర్చిన మాండలిక వృత్తి పదకోశాలకు తోవ వేసిందీ ఆయనే. కోస్తా, సీమ, కళింగ, తెలంగాణ అనే నాలుగు మాండలిక మండలాల విభజన ఆ పని నుంచే వచ్చింది. ముచ్చట అక్కడో రకంగా ఇక్కడో రకంగా ఎందుకుందని అడగడం అప్పటి నుంచి శాస్త్రమైంది. అంతకుముందు అది వెక్కిరింతగానే ఉండేది.

మళ్లీ మారుకు వస్తాను. ఈ కుటుంబం మొత్తాన్ని ఒక చోట నిలబెడితే ఏం కనిపిస్తుంది? మారకం ఉంది, అంటే ఇచ్చి పుచ్చుకోవడం. దుబాయి దిర్హాములను రూపాయలు చేసేటప్పుడు చూసేది మారకపు విలువే. ‘ఒక మారు’ అన్నప్పటి మారు ఉంది, అంటే వంతు, సారి. ఎదురు చెప్పడానికి మారు పలకడం ఉంది. వీటి పక్కన మాట. ఒకడు ఒంటరిగా చేసే చప్పుడుకు ద్రావిడ పూర్వీకులు ఈ పేరు పెట్టినట్టు లేదు. ఒకరి నుంచి మరొకరికి మారేదానికి పెట్టారు. మన జాతీయాలు కూడా దాన్ని ఇంకా సరుకులాగే చూస్తాయి. మాట ఇస్తాం, మాట తీసుకుంటాం, మాటకు మాట అప్పజెబుతాం, పెద్దల ముందు మాట పడతాం. ‘మాట్లాడు’ అనే క్రియ కూడా మాటలు ఆడటమే, కన్నడంలో మాతాడు. ఆ ‘ఆడు’ పోట్లాడులో, కొట్లాడులో కూడా ఉంది. మూడింటికీ కనీసం ఇద్దరు కావాలి. తెలంగాణలో ‘పిలిస్తే పలుకుతలేడు’ అంటే గొంతు లేదని కాదు, బదులివ్వడం లేదని.

పదం చెబుతున్న ఈ సంగతిని కొలతలతో పట్టుకోవడం మాత్రం ఆలస్యంగా మొదలైంది. 1960లలో అమెరికాలో హార్వే శాక్స్ అనే యువకుడు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు సాయం కోసం చేసే ఫోన్ల రికార్డులు వింటూ కూర్చున్నాడు. మాటల్లోని విషయాన్ని పక్కనబెట్టి, ఎవరి తర్వాత ఎవరు ఎప్పుడు అందుకుంటున్నారో గమనించాడు. 1974లో షెగ్లాఫ్, జెఫర్సన్‌లతో కలిసి వంతుల నియమాల మీద వ్యాసం రాశాడు. మరుసటి ఏడే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ వ్యాసంలో కీలకమైన భావన వంతు, అంటే మన మారే. సంభాషణలో దాదాపు ఎప్పుడూ ఒకసారికి ఒకరే మాట్లాడతారు, చేతులు మారేటప్పుడు ఖాళీ చాలా తక్కువ ఉంటుంది.

ఎంత తక్కువ? 2009లో తాన్యా స్టైవర్స్, స్టీఫెన్ లెవిన్సన్ తదితరులు పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకు జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచారు. సగటున ఐదోవంతు సెకను, సుమారు 200 మిల్లీసెకన్లు. జపనీయులు అందరికన్నా తొందర, 7 మిల్లీసెకన్లు. డేన్‌లు నిదానం, 469. మహానిదానం అని పేరుపడ్డవాళ్లు కూడా అర సెకను దాటలేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటే, మెదడు పదాన్ని వెతికి, ధ్వనుల్ని పేర్చి, నాలుకకు ఆజ్ఞ ఇచ్చేసరికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. తయారీకి 600 పడితే జవాబు 200కే ఎలా వస్తుంది? దారి ఒక్కటే. ఎదుటివాడు ముగించకముందే మనం వండటం మొదలుపెడతాం. వింటూనే, అతని వాక్యం ఎక్కడ ఆగుతుందో ఊహిస్తూనే, లోపల జవాబు సిద్ధం చేసుకుంటాం. తెలుగువాళ్లకు ఇది ఇంకాస్త కష్టం. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, ప్రశ్న ఆ క్రియకు కూడా చివర ఒక్క దీర్ఘంలో దాక్కుంటుంది. ‘రేపు ఎల్లారెడ్డికి వస్తవు’ అన్నది సమాచారమో, ‘వస్తవా’ అన్న ప్రశ్నో ఆఖరి అచ్చుదాకా తేలదు. అయినా జవాబు ఆలస్యం కాదు. క్రియను చివరే పెట్టుకునే జపనీయులే అందరికన్నా వేగంగా ఉన్నారంటే, వినేవాడు వ్యాకరణం మీద మాత్రమే ఆధారపడటం లేదన్నమాట. గొంతు లేస్తున్న తీరు, కళ్లు, అప్పటిదాకా నడిచిన సంగతి, అన్నీ ముందే చెప్పేస్తుంటాయి.

ఇంత తొందరలో పొరపాట్లు జరగవా అంటే, జరుగుతూనే ఉంటాయి. ఈ ప్రాంతంలో అందుకు ఊరి పేర్లే సాయం చేస్తాయి. రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఎల్లారెడ్డి ఒకటి. సదాశివనగర్ మండలంలో అడ్లూరు ఎల్లారెడ్డి మరొకటి. పక్క సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట. బస్టాండులో ‘ఎల్లారెడ్డి బస్సు పోయిందా అన్నా?’ అని ఎవరైనా అడిగితే, విన్నవాడికి మూడు దారులు. ‘ఆఁ?’ అనొచ్చు. ‘ఏ ఎల్లారెడ్డి?’ అనొచ్చు. ‘అడ్లూరు ఎల్లారెడ్డా?’ అనొచ్చు. మార్క్ డింగమాన్స, నిక్ ఎన్‌ఫీల్డ్ బృందం 2015లో 12 భాషల మామూలు సంభాషణలు పరిశీలిస్తే, ప్రతి భాషలోనూ ఈ మూడు రకాలే కనిపించాయి. సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు ఇలా మాటను ఆపి సరిచేయించుకుంటున్నారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. మనిషి తనకు వీలైనంతలో అన్నిటికన్నా ఖచ్చితమైన ప్రశ్ననే ఎంచుకుంటాడు. అడ్లూరు అని అనుమానం ఉంటే ‘ఆఁ?’ అనడు. ‘ఆఁ?’ అంటే ఎదుటివాడు మొత్తం మళ్లీ చెప్పాలి. ‘అడ్లూరు ఎల్లారెడ్డా?’ అంటే ఊ అంటే చాలు. ముక్కూమొహం తెలియనివాడి శ్రమను కూడా తగ్గించాలని మనసు క్షణంలో లెక్క కడుతోందన్నమాట.

ఆ ‘ఆఁ?’ గురించి వేరే వ్యాసమే వచ్చింది. ఘనా నుంచి ఐస్‌లాండ్ దాకా, ఏ చుట్టరికమూ లేని భాషల్లో ఇది దాదాపు ఒకేలా ఉందని అదే పరిశోధకులు 2013లో చూపించారు. నోరు కాస్త తెరిచి, నాలుకను కదిలించే శ్రమ పడకుండా, ప్రశ్న స్వరంతో పలికే ఒక్క అక్షరం. దీనికి 2015లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. భాషలు ఒకదాని నుంచి ఒకటి దీన్ని తీసుకోలేదు. అవసరం ఒకటే కాబట్టి విడివిడిగా అక్కడికే చేరాయి. అందుకే ఖబర్‌కు ఉన్న ప్రయాణ చరిత్ర దీనికి లేదు.

వినేవాడి వంతు ఇంకా ఉంది. కథ చెబుతుంటే ‘ఊఁ’ కొట్టాలని పిల్లలకు ఎవరూ పాఠం చెప్పరు, కాని ఊకొట్టడం ఆగితే చెప్పేవాళ్లు కథ ఆపి ‘నిద్రపోయినవా?’ అంటారు. ఒగ్గుకథలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పే ప్రధాన కథకుడి పక్కన సహాయకుడు ఉంటాడు. బుర్రకథకు వంతలున్నారు. అడ్డు ప్రశ్న వేయడం, ఔరా అనడం, ‘గట్లనా!’ అని ఆశ్చర్యపోవడం వాళ్ల పని. దీన్ని వట్టి అలంకారం అనుకునేవాళ్లు కెనడాలో జానెట్ బవెలస్ 2000లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. తమకు ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిన సంఘటన ఒకటి చెప్పమని కొందరిని అడిగారు. వినేవాళ్లలో కొందరిని, కథ వింటూనే టి అక్షరంతో మొదలయ్యే మాటలు లెక్కపెట్టమన్నారు. వాళ్ల ధ్యాస లెక్క మీద ఉండటంతో సరైన చోట సరైన ఊఁ పడలేదు. కథకులు తడబడ్డారు, ముఖ్యంగా ముగింపు దగ్గర. సొంత అనుభవమే, ప్రాణం మీదికొచ్చిన సంఘటనే, అయినా ఎదుటివాడు అందుకోకపోతే చెప్పడం కుదరలేదు. మన కథాకళాకారులు వంతను జీతమిచ్చి పక్కన నిలబెట్టుకోవడంలో ఎంత తెలివుందో అప్పుడు అర్థమవుతుంది.

ఈ ఐదోవంతు సెకను విలువ కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలకు పుస్తకాల్లో చదివి తెలియాల్సిన పని లేదు. పాత నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలసపోయిన ఇళ్లు అసంఖ్యాకం. అక్కడ పనిచేసే మనిషిని అరబ్బు యజమాని ‘షఖ్‌బారక్’ అని పలకరిస్తాడు, నీ ఖబర్లేమిటని. ఆ పదం తన ఊళ్లోదే అని చాలామందికి అక్కడ తెలిసి ఉంటుంది. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం చిక్కొచ్చేది పదంతో కాదు, దూరంతో. పాత రోజుల్లో దూరదేశాల ఫోన్లు ఉపగ్రహం మీదుగా నడిచేవి. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గొంతు పైకెళ్లి కిందికి రావడానికి, కాంతి వేగంతో పోయినా, సుమారు పావు సెకను. జవాబు తిరిగొచ్చేసరికి ఇంకో పావు. వంతు మారాల్సింది ఐదోవంతు సెకనులో కదా. అర సెకను మౌనం రాగానే ఇవతలివాళ్లు, వినపడలేదేమో అని మళ్లీ మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే అవతలి జవాబు వచ్చి మీద పడుతుంది. ఇద్దరూ ఆగుతారు. ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు.

1997లో ఎమిరేట్లలోని ఫుజైరాను ముంబైతో కలుపుతూ ఫ్లాగ్ కేబుల్ సముద్రం అడుగున పనిచేయడం మొదలెట్టాక దారి పొట్టిదైంది. కాని ఇప్పుడు ఐమో, వాట్సాప్ కాల్స్‌లో ఆలస్యం మరో రూపంలో తిరిగొచ్చింది. గొంతును ముక్కలు చేసి, కుదించి, బలహీనమైన సిగ్నల్‌లో పంపి, అవతల పోగుచేసి వినిపించడానికి సమయం పడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ మామూలుగా సాగుతుందని, 400 దాటితే నెట్‌వర్క్ పనికిరాదని అంతర్జాతీయ టెలికం సంఘం ప్రమాణం. జర్మనీ పరిశోధకులు 2014లో ఫోన్ లైన్లో కావాలని ఆలస్యం కలిపి చూశారు. మాట్లాడినవాళ్లు లైనును మాత్రమే తప్పుపట్టలేదు. అవతలి మనిషి శ్రద్ధగా లేడన్నారు, కలుపుగోలుగా లేడన్నారు. తప్పు తీగది, నింద మనిషిది. ‘ఏమైంది, కోపమొచ్చిందా, మాట్లాడుతలేవు?’ అని ఎల్లారెడ్డి నుంచి సౌదీలోని దమ్మామ్‌కు వెళ్లే ప్రశ్నల్లో కొన్నిటికి జవాబు ఆ మనిషి దగ్గర లేదు, సర్వర్ దగ్గర ఉంది.

జనం దీనికి తమ మందు తాము కనిపెట్టారు. ఫోన్లో ‘ఇగ చెప్పు’, ‘ఇంకేంది?’ అన్న మాటలు ఎన్నిసార్లు వస్తాయో వినండి. వాటికి అర్థం పెద్దగా లేదు. నా వంతు అయిపోయింది, మారు నీదే అని అప్పజెప్పడమే వాటి పని. ఎదురుగా కూర్చున్నప్పుడు కళ్లు చేసే పనిని ఇక్కడ ఈ రెండు మాటలు చేస్తాయి. అదీ కుదరనివాళ్లు వాయిస్ మెసేజ్‌లకు మళ్లారు. అందులో వంతుల గొడవే ఉండదు, ఊకొట్టేవాళ్లూ ఉండరు. మూడు నిమిషాలు ఏకబిగిన చెప్పి నాలుగు సంగతులు అడుగుతారు. రాత్రి డ్యూటీ దిగాక విన్నవాడు మూడింటికి జవాబిస్తాడు. నాలుగోదాని కోసం ఇటునుంచి మళ్లీ వాయిస్ పెట్టాలి.